అమ్మవారు ఎందుకు వెళ్ళిపోలేదు?

(సికింద్రాబాద్‌లో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"మనుషులకు మతం అవసరం ఎందుకు కలుగుతుంది?" అనే అంశం మీద మాట్లాడమన్నారు. ఈ ప్రశ్నకు మన దగ్గర చాలాకాలంగా రెండు జవాబులు సిద్ధంగా ఉన్నాయి. ఒకటి అజ్ఞానం, రెండోది భయం. విద్యార్థి సంఘంలో తిరిగిన రోజుల్లో నేను కూడా ఈ రెండు జవాబులనే సభల్లో గట్టిగా చెప్పాను. చదువు వస్తే అజ్ఞానం పోతుంది, వ్యవస్థ మారితే భయం పోతుంది, ఆ రెండూ పోయాక మతం దానంతటదే రాలిపోతుంది అనుకునేవాళ్ళం. ఆ జవాబులు పూర్తిగా తప్పని అనను. అవి ఎంతవరకు పనికొస్తాయో, ఎక్కడ ఆగిపోతాయో ఈ ఊరి సంగతులతోనే చెప్పడానికి ప్రయత్నిస్తాను.

సికింద్రాబాద్ 1806లో సికందర్ జా పేరు మీద ఏర్పడిన కంటోన్మెంటు ఊరు. ఇక్కడి ఉజ్జయినీ మహంకాళి గుడి పుట్టుక కూడా పటాలంతో ముడిపడిందే. ఆ కథ మీలో చాలామందికి తెలుసు. 1813లో ఇక్కడ గత్తర వచ్చింది. వేలమంది చనిపోయారంటారు. ఆ రోజుల్లో సైన్యంలో డోలీ మోసే సురిటి అప్పయ్య తన పటాలంతో పాటు ఉజ్జయినిలో ఉన్నాడు. ఊరి కబురు విని, అక్కడి మహంకాళి ముందు నిలబడి, రోగం తగ్గితే మా ఊళ్ళో నీకు గుడి కడతానని మొక్కుకున్నాడు. తగ్గింది. 1815లో తిరిగొచ్చి చెక్క విగ్రహాన్ని నిలబెట్టాడు. 1864లో దాని స్థానంలో రాతి విగ్రహం వచ్చింది. గుడి తన చరిత్రగా చెప్పుకునేది ఇదే.

ఈ కథలో నన్ను ఆపేది అమ్మవారి మహిమ కాదు, మొక్కుకున్న మనిషి. అతను రాజు కాదు, పూజారి కాదు. బోయీ. తనవాళ్ళు చచ్చిపోతున్నారని తెలుసు. తిరిగి వెళ్ళడం తన చేతిలో లేదు. వెళ్ళినా చేయగలిగింది లేదు. ఆ కాలంలో దొరల వైద్యులు కలరా రోగికి నెత్తురు తీసేవాళ్ళు, పాదరసం మందులు ఇచ్చేవాళ్ళు. కలరా క్రిమిని రాబర్ట్ కోఖ్ గుర్తించింది 1880లలో, అంటే ఇంకో డెబ్బై ఏళ్ళకి. కాబట్టి అప్పయ్యది అజ్ఞానం అంటే, అప్పుడు జ్ఞానం ఎవరి దగ్గర ఉందో కూడా చెప్పాలి. తన చేతుల్లో ఏమీ లేనప్పుడు కూడా మనిషి చేతులు ముడుచుకుని కూర్చోలేడు. అలాంటప్పుడు చేయడానికి మిగిలిన పని మొక్కు.

ఇక రెండో సంగతి. అదే గుడికి కొద్ది మైళ్ళ దూరంలో, బేగంపేటలో, 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. దానికి 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ దోమలకు ఒళ్ళప్పగించిన రోగి పేరు హుస్సేన్ ఖాన్. ఒక్కో దోమ కాటుకు ఒక అణా ఇచ్చారు. (బహుమతి మాట ఎత్తినప్పుడల్లా హుస్సేన్ ఖాన్ అణాలు కూడా గుర్తుచేసుకోవాలని నా కోరిక.) అంటే, రోగానికి కారణం దేవతల కోపం కాదు, దోమ అని ప్రపంచానికి తేల్చి చెప్పింది ఈ ఊరే.

మశూచి సంగతి మరీ స్పష్టం. అమ్మవారు పోసిందనేవాళ్ళం. పోచమ్మ, ముత్యాలమ్మ ఆ భయంలోంచే పెద్ద దేవతలయ్యారు. భారతదేశంలో చివరి మశూచి కేసు 1975లో నమోదైంది. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మశూచి భూమ్మీదే లేదని ప్రకటించింది. ఇవాళ ముప్పై ఏళ్ళ ఆడపిల్లకి ఆ మచ్చలు ఎలా ఉంటాయో తెలియదు. మరి మన పాత సిద్ధాంతం ప్రకారం పోచమ్మ ఏమవ్వాలి? ఖాళీ అయిన గుడిలో కూర్చోవాలి. అలా జరగలేదు. ప్రతి బస్తీలోనూ పోచమ్మ ఉంది. బోనాలు ఏటేటా పెద్దవయ్యాయి. 2014లో తెలంగాణ ఏర్పడగానే రాష్ట్ర పండగ అయ్యాయి. రోగం వెళ్ళిపోయింది, అమ్మవారు వెళ్ళిపోలేదు. ఎందుకు వెళ్ళిపోలేదన్నదే నా ప్రశ్న.

మనుషులకు తేడా తెలియక కాదు. 2020 ఆషాఢంలో కరోనా వల్ల ప్రభుత్వం బోనాలను ఇళ్ళల్లోనే చేసుకోమంది. గత్తర పేరు మీద వెలసిన అమ్మవారికి ఇంకో మహమ్మారి వల్ల భక్తులు దూరమయ్యారు. నేను తిరిగే బస్తీల్లో ఆడవాళ్ళు ఇంట్లోనే కుండకు పసుపు పూసి, వేపమండ కట్టి, అన్నం వండి, దీపం పెట్టి గోడవైపు తిరిగి దండం పెట్టుకున్నారు. మరుసటి ఏడాది టీకా కోసం లైన్లో నిలబడింది కూడా వాళ్ళే. టీకా చేసే పని వేరు, బోనం చేసే పని వేరని వాళ్ళకు మనకంటే బాగా తెలుసు. మాలినోవ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త మొదటి ప్రపంచ యుద్ధకాలంలో పసిఫిక్ సముద్రంలోని ట్రోబ్రియాండ్ దీవుల్లో ఉండి రాసిన విషయం ఒకటి ఇక్కడ గుర్తొస్తుంది. అక్కడి జాలర్లు లోతు తక్కువ ఉన్న మడుగులో చేపలు పట్టేటప్పుడు మంత్రాల జోలికి పోరు. అక్కడ నేర్పు చాలు. నడిసముద్రంలోకి పడవ దించే రోజున మాత్రం ప్రతి పనికీ మంత్రం ఉంటుంది. అంటే వాళ్ళు మంత్రాన్ని నేర్పుకు బదులుగా వాడటం లేదు. నేర్పు చాలని చోట వాడుతున్నారు.

మన ఆడవాళ్ళకు నడిసముద్రం ఏది? బోనాల ఆదివారం మహంకాళి గుడి వరసలో నిలబడి వాళ్ళు మొక్కేదేమిటో వినండి. కొడుక్కి పని దొరకాలి. అల్లుడు బిడ్డను మళ్ళీ తీసుకుపోవాలి. ఇంటాయన తాగుడు మానాలి. ఆపరేషనైన చెల్లె బతకాలి. ఫైనాన్సు వాడు ఇంటి ముందుకు రాకూడదు. ఇందులో ఏ ఒక్కటీ పూర్తిగా ఆమె చేతిలో లేదు. కానీ అన్నింటికీ బాధ్యత ఆమెదే. కొడుకు చెడిపోతే తల్లి పెంపకం, అల్లుడు వదిలేస్తే బిడ్డ నోరు, మొగుడు తాగితే పెళ్ళాం సుఖపెట్టక. అధికారం లేకుండా బాధ్యత మాత్రమే మిగిల్చే పితృస్వామ్యంలో మగవాళ్ళకంటే ఆడవాళ్ళు ఎక్కువ మొక్కుతారంటే అది వాళ్ళ బుద్ధి తక్కువతనం అనడానికి నాకు నోరు రాదు.

మార్క్స్ 1844లో మతాన్ని నల్లమందుతో పోల్చిన సంగతి మనకు కంఠతా వచ్చు. అంతకు ముందు వాక్యాల్లోనే ఆయన మతాన్ని బాధల్లో ఉన్న మనుషుల బాధకు వ్యక్తీకరణగా, దానిమీద నిరసనగా కూడా చూశాడని మన స్టడీ సర్కిళ్ళలో తక్కువగా చెప్పుకున్నాం.

ఒకామె గురించి చెబుతాను. పేరు చెప్పను. రైల్వే లైను పక్క బస్తీ. నాలుగిళ్ళల్లో పాచిపని చేస్తుంది. భర్త కొడతాడు. అత్త చూస్తూ ఊరుకుంటుంది. బోనాలప్పుడు ఆమెకు పూనకం వస్తుంది. ఆ రోజు అత్తే బిందెలతో నీళ్ళు తెచ్చి ఆమె కాళ్ళ మీద పోస్తుంది. భర్త ఆమె ముందు వంగి నిలబడతాడు. ఆమె అతన్ని నిలదీస్తుంది. ఇంటి ఆడదాన్ని ఏడిపిస్తే నేనూరుకోను అంటుంది. తప్పయింది తల్లీ అంటాడు. ఇదంతా వీధి అందరి ముందు. పూనకం నటనా, నిజమా అని మన కార్యకర్తలు వాదించుకోవడం విన్నాను. నాకు ఆ ప్రశ్న మీద ఆసక్తి లేదు. ఆ సాయంత్రం ఆ వీధిలో భర్తను నిలదీయగలిగిన ఆడమనిషి ఆమె ఒక్కతే.

తొమ్మిది రోజుల తర్వాత కన్ను వాచిపోయి మా దగ్గరకు వచ్చింది. మేము చెప్పాల్సినవన్నీ చెప్పాం. 1983లో వచ్చిన 498-ఎ సెక్షన్ గురించి (ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 85), 2005 గృహహింస చట్టం కింద ఇంట్లోనే ఉండే హక్కు గురించి, రక్షణ ఉత్తర్వుల గురించి. శ్రద్ధగా వింది. తర్వాత అడిగింది: "అక్కా, నువ్వు చెప్పిన కాయితాల మీద సంతకం పెడ్త. గని రాత్రి పూట నా పక్కన ఎవరుంటరు? అమ్మ ఒంటి మీదికొచ్చిన దినం మా ఆయన నా కాళ్ళకు మొక్కిండు. మీ కాయితానికి మొక్కుతడా?"

నేను జవాబు చెప్పలేదు. అప్పుడు సాయంత్రం ఐదున్నర అయింది. ఆఫీసుకు తాళం వేసే టైమది.

మతం ఇచ్చేదాన్ని మాత్రమే చెప్పి ఆగితే మోసం చేసినట్టు. దానికి మతం తీసుకునే ధర ఉంటుంది. ఆ ధర ఎవరు కడుతున్నారో ఇదే పండగలో కనిపిస్తుంది. బోనాల మర్నాడు సోమవారం పొద్దున రంగం జరుగుతుంది. ఒక స్త్రీ పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి చెబుతుంది. వానలు, పంటలు, రోగాలు, తనకు జరుగుతున్న పూజల్లో లోపాలు. మంత్రులు, అధికారులు చేతులు కట్టుకుని వింటారు. టీవీలో ప్రత్యక్ష ప్రసారం చేస్తారు. ప్రభుత్వాన్ని ఒక మామూలు ఆడమనిషి అందరి ముందు మందలించే సందర్భం మన ప్రజాస్వామ్యంలో ఇంకోటి ఉందా? నాకు తోచడం లేదు. కానీ ఆ మాటకు విలువ ఆమె మాట కాదన్న షరతు మీదే. దిగిన మరుక్షణం ఆమె నోటికి అంత విలువ లేదు. బస్తీ ఆమెకు ఒక సాయంత్రం దొరికింది కూడా ఇదే షరతు మీద.

రంగం దాటి ఊళ్ళల్లోకి వెళితే ధర ఇంకా ఘోరంగా ఉంటుంది. తెలంగాణ పల్లెల్లో ఎల్లమ్మకో, పోచమ్మకో చిన్నపిల్లలుగానే ముడుపు కట్టిన జోగినులు ఎక్కువ మంది మాల, మాదిగ ఇళ్ళ ఆడపిల్లలే. జాతరలో ఆమె దేవత. మర్నాటి నుంచి ఊరి పెద్దలకు భోగవస్తువు. ఆమె బిడ్డకు తండ్రి పేరు ఉండదు. భాగ్యరెడ్డి వర్మ (1888-1939) హైదరాబాద్ రాజ్యంలో ఆదిహిందూ ఉద్యమాన్ని నడిపినప్పుడు ఈ ఆచారాన్ని తన పోరాటంలో ముఖ్యమైన భాగం చేసుకున్నారు. చట్టం మాత్రం 1988లో గాని రాలేదు, దేవదాసీల అంకిత నిషేధ చట్టం. అంకితం చేయడం ఇవాళ నేరం. కానీ ముడుపు కట్టించిన కుటుంబాన్ని అడిగితే, బిడ్డ జబ్బు పడితే మొక్కామంటారు, కొడుకులు లేరంటారు, కరువంటారు. అప్పయ్యకు పుట్టిన అవసరమే ఇదీ. అతను తన మొక్కును తన ఖర్చుతో తీర్చుకున్నాడు. ఇక్కడ మొక్కు తీర్చేది ఆడపిల్ల ఒళ్ళు. కాబట్టి "ప్రజల నమ్మకం కదా, గౌరవించాలి" అనే కొత్త వాదన కూడా నేను ఒప్పుకోను. అవసరాన్ని గౌరవించాలి. ఆ అవసరానికి ఎవరిని బలిపెడుతున్నారని ప్రతిసారీ అడగాలి.

నాస్తికులు ఈ పని ఎలా చేశారో కూడా చెప్పాలి. ఎందుకంటే వాళ్ళు వాదాలు మాత్రమే చేశారని అందరూ అనుకుంటారు. గోరా, సరస్వతీ గోరా 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. 1947లో విజయవాడ పటమటకు మారింది. సరస్వతి గారు గర్భంతో ఉండగా గ్రహణం చూసి మూఢనమ్మకాన్ని ధిక్కరించిన మనిషి. ఆమె కోడలు, గుర్రం జాషువా కుమార్తె హేమలతా లవణం, 1980లలో నిజామాబాద్ జిల్లా జోగినుల మధ్య పనికి దిగారు. దేవుడు లేడని చెప్పడంతో మొదలుపెట్టి ఉంటే ఆ ఆడవాళ్ళు లేచి వెళ్ళిపోయేవాళ్ళని నా అనుమానం. ఆమె వర్నిలో చెల్లి నిలయం పెట్టారు. ఆ పేరు చూడండి. ఉండడానికి చోటు, చేతికి పని, పెళ్ళి చేసుకోవాలనుకుంటే అండగా నిలబడే మనుషులు. ఎల్లమ్మ పేరు మీద ఊరు లాక్కున్నవాటిలో కొన్నయినా తిరిగి ఇచ్చే ఏర్పాటు అది. దేవుడి ఊసు ఎత్తాల్సిన అవసరం తర్వాత ఎప్పుడో వస్తుంది. రాకపోయినా నష్టం లేదు.

చర్చి గురించి క్లుప్తంగా చెబుతాను. ఈ సభలో చాలామంది పనిచేసే బస్తీల్లో ఆదివారం ఆడవాళ్ళు చర్చికి పోతారు. వాళ్ళను "బియ్యం కోసం మతం మారినవాళ్ళు" అని ఎగతాళి చేసే మాట నేటికీ వింటాం. మెదక్ చర్చి తీసుకోండి. పాస్నెట్ దొర 1914లో మొదలుపెట్టి 1924లో పూర్తి చేశాడు. కరువులో కూలికి తిండి పెట్టి కట్టించారని అక్కడి ముసలివాళ్ళు చెప్పుకుంటారు. ఆకలికి తిండి పెట్టిన చోటికి మనిషి పోవడం తప్పెలా అయిందో నాకు అర్థం కాదు. బియ్యంతోపాటు అక్కడ ఇంకోటి దొరికింది. మాల, మాదిగ ఆడమనిషిని పేరు పెట్టి పిలిచి, బల్ల మీద కూర్చోబెట్టారు. అంబేద్కర్ 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షలమందితో బౌద్ధం తీసుకున్నప్పుడు కూడా వెనక ఉన్న అవసరం అదే. ఆయన కంటే చదువుకున్నవాడు, భయం లేనివాడు ఆనాడు ఎంతమంది ఉన్నారు? అయినా మతం వద్దనలేదు, మనిషిగా చూసే మతం కావాలన్నారు. అయితే ఇక్కడా ధర ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల వాళ్ళు క్రైస్తవం, ఇస్లాం తీసుకుంటే ఆ హోదా పోతుంది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలించారు గాని వీళ్ళకు లేదు. అందుకే ఆదివారం మరియమ్మ, సర్టిఫికెట్లో పోచమ్మ. రెండు పేర్లతో బతికే ఈ భయం మన కేసుల్లో సాక్ష్యాల దాకా వస్తోంది. లాయర్లు దీన్ని గమనించాలి.

"మనల్ని కించపరిచే గుళ్ళోకి రానివ్వండని ఎందుకు కొట్లాడాలి?" అని పోయినసారి ఒక చెల్లెలు అడిగింది. హాజీ అలీ దర్గాలోకి ప్రవేశం కోసం 2016లో బొంబాయి హైకోర్టులో, శబరిమల కోసం 2018లో సుప్రీంకోర్టులో గెలిచిన తీర్పులు మనకున్నాయి. 2017లో తక్షణ మూడు తలాఖ్ కేసులో ముస్లిం స్త్రీలు ఖురాన్‌నే ముందు పెట్టుకుని వాదించారు. వాళ్ళెవరూ మతం వదులుకోవడానికి కోర్టుకు పోలేదు. మతం మాది కూడా అని చెప్పడానికి పోయారు. నేనైతే ఆ గుళ్ళకు పోను. కానీ పోతానన్న ఆడదాన్ని మగవాళ్ళు అడ్డుకుంటే ఆమె పక్కన నిలబడతాను. నా అవసరాన్ని కొలబద్దగా పెట్టి ఆమె అవసరాన్ని కొలిచే హక్కు నాకు లేదు.

ఇంకొకటి, ఇది కాస్త ఆందోళనతో చెబుతున్నాను. 2024 అక్టోబర్‌లో ఇక్కడే మోండా మార్కెట్ దగ్గర కుమ్మరిగూడ ముత్యాలమ్మ విగ్రహాన్ని ధ్వంసం చేసిన తర్వాత ఊళ్ళో ఎంత ఉద్రిక్తత వచ్చిందో చూశారు. రాళ్ళు, లాఠీలు. గుడి మీద దాడి ఎవరు చేసినా తప్పే. కానీ ముత్యాలమ్మకు ఏళ్ళ తరబడి నీళ్ళు పోసిన ముసలమ్మల గోడు ఎవరికి పట్టింది? వాళ్ళ పక్కన మనం లేకపోతే వాళ్ళ దుఃఖాన్ని ఎత్తుకుపోయి ఇంకో బస్తీ మీద విసిరేవాళ్ళు ఎప్పుడూ తయారుగా ఉంటారు. మతం సంగతి మనకెందుకని మనం ఖాళీ చేసిన చోట్లలో వాళ్ళు ముప్పై ఏళ్ళుగా కుర్చీలు వేసుకుని కూర్చున్నారు.

మళ్ళీ మా ఆఫీసు దగ్గరకు వస్తాను. ఆమె వెళ్ళిన తర్వాత మేము రిజిస్టరు తీసి చూసుకున్నాం. మా పని వేళలు పది నుంచి ఐదున్నర. ఆదివారం సెలవు. మా దగ్గరకొచ్చే ఆడవాళ్ళు చెప్పేదాని ప్రకారం దెబ్బలు ఎక్కువగా పడేది శనివారం రాత్రి, కూలి డబ్బులు చేతికొచ్చాక. ఆదివారం పొద్దున ఆమెకు తెరిచి ఉన్నవి గుడి, చర్చి, దర్గా. తాళం వేసి ఉన్నది మేము. మతం మీద మేము రాసిన వ్యాసాలన్నీ ఆ తాళం వేసిన బీరువాలోనే ఉన్నాయి.

ఏడాది నుంచి ఆదివారం మధ్యాహ్నం రెండింటి నుంచి రాత్రి ఎనిమిది దాకా తెరుస్తున్నాం. రెండింటికి ఎందుకంటే చర్చికి పోయేవాళ్ళు ప్రార్థన ముగించుకుని వస్తారు. రాత్రి ఉండటానికి రెండు మంచాలు వేశాం. అద్దె ఇంటాయనతో ఇంకా గొడవ నడుస్తూనే ఉంది. ఆ బస్తీ ఆమెకు రక్షణ ఉత్తర్వు వచ్చింది. భర్త దానికి మొక్కలేదు గాని పోలీసును చూసి కొంత తగ్గాడు. పూర్తిగా మానలేదు. ఇప్పుడు ఆదివారాలు ఆమె వచ్చి కొత్తగా వచ్చినవాళ్ళ పక్కన కూర్చుంటుంది. పోయిన ఆషాఢంలో ఆమెకు మళ్ళీ పూనకం వచ్చింది. బస్తీ ఆడవాళ్ళతో పాటు మేమూ నిలబడ్డాం. ఈసారి ఆమె ఎదురింటి అతన్ని నిలదీసింది. మర్నాడు అతని భార్య మా దగ్గరకు వచ్చింది.

ఇక మీరు అడగండి.